పాలు త్రాగని పసిబిడ్డలు: మన ఆహారచరిత్రలో నొక ప్రకరణము



తెలుగువాడు సంపదను పేర్కొనవలసివచ్చినపుడు పాడియు పంటయు నని జంటగా పేర్కొనును. చిన్ననాట పట్టుబడిన విద్యను ఉగ్గుపాలతో వచ్చిన విద్య యనును. మంచి మనసును పాలతో పోల్చును, పెండ్లింట పాలు పొంగించును. ఇట్లు భాషలోను ఆచారములోను పాలకు అగ్రస్థానమిచ్చిన జాతికి, ఇంటిలోని పసిబిడ్డ పాలగిన్నెను త్రోసివేసినచో గుండె జల్లుమనుట సహజము. మా పరకాలలో మనుమలను పెంచు అవ్వలు నన్నడిగిన ప్రశ్నలలో చదువుసంధ్యల ప్రశ్నలకంటె ఈ ప్రశ్నయే యెక్కువ. "మా మనుమడు పాలగ్లాసు జూస్తే సాలు, మొగం తిప్పుకుంటడు పంతులుగారూ! అన్నమైతే తింటడు గని పాలు ముట్టడు. వీనికి బలమెట్లస్తది?" అని వారందురు.

నేను వైద్యుడను కాను. బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను ఈ ప్రశ్నకు చరిత్ర యొకటి కలదు. దానిని మన శాస్త్రములు కొంత, మన పల్లెల వంటయిండ్లు కొంత, గడచిన నూరేండ్ల ప్రయోగశాలలు కొంత వ్రాసినవి. ఆ మూడింటిని వరుసగా మీ ముందుంచుటయే నేటి ప్రసంగముయొక్క ఉద్దేశము. ముందుగా నొక మాట స్పష్టము చేయవలెను. నేనిచ్చట పాలనునది ఆవు గేదెల పాలను గురించియే. తల్లిపాల సంగతి వేరు. మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలే ఆహారము. తరువాత అన్నము మొదలైనను రెండేండ్లు నిండువరకు, వీలైన నంతకు మించియు, తల్లిపాలు కొనసాగవలెను. ఏడాది నిండి మూడేండ్ల లోపున్న బిడ్డ పశువుల పాలు ఒల్లకున్నచో నేమి చేయవలెనన్నది మన విచారము.

మొదట శాస్త్రములను చూతము. ఆయుర్వేదమున బాలవైద్యమునకు కౌమారభృత్యమని పేరు. ఆ శాఖకు మూలమైన కాశ్యపసంహిత చిరకాలము కనుమరుగై యుండి, నేపాళమున దొరికిన ప్రతి ననుసరించి పండిత హేమరాజశర్మగారి విపులమైన ఉపోద్ఘాతముతో 1938లో ముద్రితమైనది. అందు ఆరవ నెలలో బిడ్డకు ఫలములను రుచి చూపవలెననియు, పదియవ నెలలో అన్నప్రాశనము చేయవలెననియు చెప్పబడినది. సుశ్రుతుడు ఆరవ నెలలోనే తేలికయు హితమునైన అన్నము పెట్టుమనినాడు. నేటి వైద్యులు ఆరు నెలలు నిండగానే మెత్తని ఆహారము మొదలిడుమని చెప్పుచున్నారు గనుక సుశ్రుతుని మాటయే నేటికిని నిలిచినది.

మన ప్రశ్నకు మరింత దగ్గరగా వచ్చినవాడు వాగ్భటుడు. అష్టాంగహృదయము ఉత్తరస్థానమున, తల్లిపాలు మాన్పించిన బిడ్డకేమి పెట్టవలెనో ఆయన విధించినాడు. సారపప్పు, అతిమధురము, తేనె, పేలాలు, పటికబెల్లము కలిపి చేసిన ఉండ యొకటి. దానికి బిడ్డను తృప్తిపరచి పోషించునదని విశేషణము. లేతమారేడు, ఏలకులు, చక్కెర, పేలాలపిండి కలిపి చేసినది మరొకటి. అది ఆకలి పుట్టించునది. ఈ రెండింటను పాలు లేవు. చమురుగల గింజ యొకటి, వేచిన ధాన్య మొకటి, తీపి యొకటి, ఈ మూడింటి కూర్పు మాత్రమే కలదు. పేలాలపిండికి ఆయన వాడిన మాట సక్తువు. దాని వికృతియే మనము బతుకమ్మ పండుగనాడు పంచుకొను సత్తు. తేనె విషయమున మాత్రము నేటి వైద్యుల మాట వినవలెను. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుట ప్రమాదకరమని నేడు రూఢిగా తెలిసినది.

కాశ్యపుడు ఫక్కరోగమను వ్యాధిని వర్ణించినాడు. ఏడాది నిండినను అడుగు వేయలేని బిడ్డను ఫక్కుడనును. ఈ వ్యాధికి మూడు కారణములు చెప్పి, వానిలో రెండవదానిని గర్భజమనినాడు. అనగా బిడ్డ చనుబాలు త్రాగుచుండగనే తల్లి మరల గర్భము ధరించుటచే పాలు తగ్గి, బిడ్డ కృశించుట. అట్టి బిడ్డకు నడక నేర్పుటకు మూడు చక్రముల బండిని గూడ చెప్పినాడు. మాధవనిదానమున ఇదే అవస్థకు పారిగర్భికమని పేరు. దగ్గు, మందాగ్ని, వాంతి, కార్శ్యము, అరుచి, పొట్ట పెరుగుట దాని లక్షణములు. పాలు తప్పిన బిడ్డకు తగిన ఆహారము చేకూరకున్న నేమగునో మన పూర్వులు కన్నులార చూచి వ్రాసిన సాక్ష్యమిది.

ఈ సాక్ష్యమునకు వేయి యేండ్లకు పైబడిన తరువాత, సముద్రములకావల మరొక సాక్ష్యము దొరికినది. ఆఫ్రికాలోని గోల్డుకోస్టు, అనగా నేటి ఘానాదేశమున, సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు పనిచేయుచుండెను. ఒంటినిండ నీరుపట్టి, చర్మము పొరలు రాలి, వెండ్రుకలు రంగుమారి మరణించు పిల్లలను ఆమె చూచి, 1933లో ఆ వ్యాధిని లోకమునకు వెల్లడించినది. అచ్చటి 'గా' అను భాషలో దానికి క్వాషియోర్కరు అని పేరు. తరువాతి బిడ్డ రాకతో స్థానము తప్పిన బిడ్డకు వచ్చు జబ్బని దాని యర్థము. 1935లో ఆ పేరే వైద్యగ్రంథముల కెక్కినది. ఆ పిల్లలకు చనుబాలు మాన్పించి పెట్టినది మక్కపిండి గంజి మాత్రమే. మా ప్రాంతమున గటుక తినని యిల్లు పూర్వము లేదు గనుక ఈ సంగతి మనకు వెంటనే తెలియవలెను. గటుక దోషము కాదు. గటుక యొక్కటియే యగుట దోషము.

ఇక పల్లె వంటయింటిని చూతము. నేను బాలుడనుగా నున్నది 1960వ దశకము. మా వైపు పాడిగల యిండ్లలోను పాలు గ్లాసులతో త్రాగుట అరుదు. పాలు తోడుపెట్టబడి, చిలుకబడి, వెన్న నేయియై కొంత యమ్ముడుపోవును. ఇంటివారికి మిగులునది చల్ల. పాడిలేని యిండ్లకు ఆ చల్లయే ఇరుగుపొరుగు ధర్మమున దొరకెడిది. పాలు త్రాగకున్నను పసివాండ్రకు ఉదయము తైదంబలి, మధ్యాహ్నము ముద్దపప్పుతో మెత్తని అన్నము, పండుగలకు మలీదముద్ద, నువ్వుల సత్తు, పల్లీల సత్తు లభించెడివి. తైదలనగా కోస్తావారి చోళ్ళు, రాయలసీమవారి రాగులు. ఆ యాహారము అందరికి చాలినంత దొరకెనని నేననను. దొరకని యిండ్లెన్నో యుండెను, పిల్లల మరణములును ఎక్కువగనే యుండెను. దొరకినంతలో ఆ కూర్పు మంచిదని మాత్రము చెప్పుచున్నాను. ఎందుచేత మంచిదో ప్రయోగశాలలు తరువాత తేల్చినవి.

ఆ ప్రయోగశాలల కథ నీలగిరులలోని కూనూరులో మొదలైనది. అచ్చటి పాశ్చరు సంస్థలో 1918లో రాబర్టు మెకారిసను అను వైద్యుడు బెరిబెరి వ్యాధిపై విచారణ ఆరంభించెను. అదియే పెరిగి పోషకాహార పరిశోధనాలయమైనది. మెకారిసను ఎలుకలను గుంపులుగా విభజించి, భారతదేశములోని వేర్వేరు ప్రాంతములవారి తిండిని వేర్వేరు గుంపులకు పెట్టి చూచెను. గోధుమరొట్టెలు, పాలు, పప్పు, కూరలుగల సిక్కుల యాహారము తిన్న ఎలుకలు బాగుగ పెరిగినవి. బియ్యము ప్రధానముగా నున్న దక్షిణదేశపు తిండి తిన్నవి వెనుకబడినవి. పాలులేని యాహారము బలహీనులను చేయునను నమ్మకమునకు ఈ పరిశోధన గొప్ప యాధారమైనది.

ఆయన తరువాత 1935లో నానాజాతిసమితి ఆరోగ్యశాఖలో పనిచేసివచ్చిన ఎక్రాయిడు ఆ సంస్థకు అధిపతి యయ్యెను. ఆయనయు కృష్ణన్ అను సహచరుడును మదరాసు రాజధానిలోని వసతిగృహములలో అన్నమే ప్రధానముగ తిను బాలబాలికలకు వెన్నతీసిన పాలపొడిని రోజుకొక ఔన్సు చొప్పున నిచ్చి చూచిరి. పిల్లల ఎత్తును బరువును స్పష్టముగ హెచ్చినవి. పాలకు బదులు సోయాచిక్కుడు పెట్టినపుడు ఆ ఫలితము రాలేదు. 1937లో ఈ విషయము ప్రకటింపబడినది. ఇంతటితో విచారణ ముగిసియుండిన, పాలు లేక గతిలేదనియే మన మనుకొనవలసియుండెడిది. కాని వారు మరొక యడుగు వేసిరి. పాలలోని యే పదార్థము ఈ పని చేసినదని యడిగి, పాలు లేకుండ సున్నపు ధాతువును మాత్రము, అనగా కాల్షియమును, ఒక లవణరూపమున పిల్లలకిచ్చిరి. అప్పుడును పెరుగుదల కనబడినది. బియ్యములో కాల్షియము మిక్కిలి స్వల్పము. పాలు ఆ లోటును పూరించినవి. ఆ లోటును పూరించు మరియొక వస్తువున్నచో అదియు ఆ మేరకు పాలపని చేయును.

ఆ వస్తువు మన గాదెలలోనే యున్నది. ఎక్రాయిడు 1937లో ప్రకటించిన ఆహారపదార్థముల పోషకవిలువల పట్టిక తరువాతి కాలమున విస్తరింపబడి, 1971లో హైదరాబాదునుండి పెద్ద గ్రంథముగా వెలువడినది. దానిప్రకారము 100 గ్రాముల ఆవుపాలలో కాల్షియము 120 మిల్లీగ్రాములు, గేదెపాలలో 210. అంతే తూకము తైదలలో 344, మునగాకులో 440, పొట్టుతీయని నువ్వులలో 1450. పెరుగులో 149. ఏడాదినుండి మూడేండ్లవరకు బిడ్డకు రోజుకు కావలసినది 500 మిల్లీగ్రాములు. అయితే ఆకులలోను గింజలలోను నున్న కొన్ని ఆమ్లములు కాల్షియమును పట్టియుంచి పూర్తిగ ఒంటబట్టనీయవు గనుక, పాలతో గ్రామునకు గ్రాము సరిపోల్చరాదు. తైదలను నానబెట్టి మొలకెత్తించి ఎండించి విసరినచో ఈ దోషము కొంత తగ్గును. మొలకపిండికి మరొక గుణము కూడ కలదు. దానిని చిటికెడు కలిపినచో చిక్కని జావ నీరుపోయకనే పలుచబడును. బరోడా విశ్వవిద్యాలయమున తారా గోపాల్‌దాసుగారు 1980వ దశకమున ఈ సంగతిని శాస్త్రీయముగ నిరూపించిరి.

కాల్షియముతోనే కథ ముగియలేదు. పాలలో మాంసకృత్తులు గలవు. పాలు లేని బిడ్డకు అవి యెట్లు వచ్చునన్నది తరువాతి ప్రశ్న. కూనూరులోని పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయని పేరు మార్చుకొన్నది. హైదరాబాదులో 1953లో వెలసిన నీలోఫరు ఆసుపత్రికి మన జిల్లాలనుండియు ఎందరో తల్లులు బిడ్డల నెత్తుకొని పోయెడివారు. అచ్చట నీరుపట్టిన బిడ్డలను, ఎముకల గూడులైన బిడ్డలను పరిశీలించి చికిత్స చేయుటలో గోపాలన్ గారును శ్రీకంఠయ్యగారును అగ్రగణ్యులు.

ఆ దినములలో ప్రపంచమంతటను మాంసకృత్తుల కొరతను గూర్చిన ఆందోళన వ్యాపించియుండెను. ఐక్యరాజ్యసమితి 1955లో ఇందులకొక సలహాసంఘము నేర్పరచి, 1968లో రాబోవు మాంసకృత్తుల సంకటమును తప్పింపవలెనని హెచ్చరించెను. పాలపొడియు, చేపపిండియు, సోయాపిండియు బీదదేశముల బిడ్డలకు రక్షయని అందరు నమ్మిరి. గోపాలన్ గారును వారి సహచరులును ఈ నమ్మకమును పరీక్షింపదలచిరి. హైదరాబాదు సమీపగ్రామములలో ఒకటి మొదలు ఐదేండ్లలోపు పిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనె కలిసిన తీపి పదార్థమును రోజును 14 నెలలపాటు పెట్టిరి. అందు శక్తి సుమారు 310 కేలరీలు, మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే. పాలు లేవు. ఆ పిల్లలు దానిని తినని పిల్లలకంటె ఎత్తులోను బరువులోను మించిరి. 1973లో ఈ ఫలితము ప్రకటితమైనది. ధాన్యమును పప్పును కలిసిన మన యాహారములో మాంసకృత్తుల గుణము చాలుననియు, పిల్లలకు తక్కువైనది కడుపునిండ తిండి యనియు దానివలన తేలినది. మరుసటి యేడు మెక్‌లారెన్ అను వైద్యుడు ఇంగ్లండులోని ప్రసిద్ధ వైద్యపత్రికలో మాంసకృత్తుల వెఱ్ఱిని తీవ్రముగ ఖండించెను.

ఆ సంస్థవారే రూపొందించిన హైదరాబాదు మిశ్రమమును తల్లు లందరు కంఠస్థము చేయదగును. వేచిన గోధుమలు 40 గ్రాములు, వేచిన శనగలు 16 గ్రాములు, పల్లీలు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు. వీనిని పొడిచేసి కలుపగా 330 కేలరీల శక్తియు, 11 గ్రాములకు పైబడిన మాంసకృత్తులును గలుగును. ఆ వయసు బిడ్డకు రోజుకు కావలసిన శక్తి సుమారు 1000 కేలరీలు, మాంసకృత్తులు సుమారు 12 గ్రాములు. కాబట్టి ఈ యొక్క గిన్నెతోనే ఒక పద్దు ఇంచుమించు పూర్తి యగును, మరొక పద్దు మూడవ వంతు తీరును. వాగ్భటుని మోదకమును ఒకసారి తలచుకొనుడు. వేచిన ధాన్యము, చమురుగల గింజ, తీపి. మాధ్యమిక విద్యార్థియైనను ఈ రెండింటి పోలికను పట్టగలడు. నడుమ పప్పును చేర్చినది హైదరాబాదు.

ఇంకొక పరిశోధన చెప్పి ముందునకు పోదును. 1987 మొదలు 1990 వరకు హైదరాబాదు పరిసరములందలి కొన్ని గ్రామములలో గర్భిణులకును ఆరేండ్లలోపు పిల్లలకును మక్కసోయా పిండితోను సోయానూనెతోను చేసిన ఉప్మా పంచబడినది. అట్టి పంపిణీ లేని గ్రామములను పోలికకై యెన్నుకొనిరి. పదునైదేండ్ల తరువాత ఆ పిల్లలను మరల వెదకి కొలిచిచూడగా, ఉప్మా పంచిన గ్రామముల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుండిరి. వారి రక్తనాళములును మెత్తగా ఆరోగ్యముగా నుండినవి. 2008లో ఇది ప్రకటింపబడినది. పసితనమున తిన్న గుప్పెడు ఉప్మా కౌమారమున ఎముకలోను నెత్తుటినాళములోను కనబడినదన్నమాట.

పాలను కొందరు బిడ్డలు ఎందుకు ఒల్లరు? రుచి నచ్చక ఒల్లనివారే పెక్కుమంది. బలవంతముచేత విసిగి ఒల్లనివారు మరికొందరు. కొలదిమందికి పాలవలన దద్దురులో విరేచనములో కలుగును. వారిని వైద్యునికి చూపవలెను. క్షీరశర్కరను జీర్ణించుకొను శక్తి పసితనమున నుండి వయసుతోపాటు తగ్గుట మానవులలో సామాన్యము. పశుపాలకులైన జాతులలో అది పెద్దతనమునను నిలిచినది. మనదేశమున వాయవ్యమున ఎక్కువగను దక్షిణమునకు వచ్చుకొలది తక్కువగను ఆ శక్తి కనబడును. హైదరాబాదు సంస్థలోని వినోదినీరెడ్డిగారును సహచరుడొకరును 1972లోనే ఈ విషయమును పరిశోధించి ప్రకటించిరి. పాలను తోడుపెట్టినపుడు ఆ శర్కర కొంత విరుగును. పాలను పెరుగుగను చల్లగను మార్చి తిన్న మన పెద్దల వాడుకలో కడుపెరిగిన తెలివి యున్నది.

ఇంతవరకు చెప్పినదంతయు ధైర్యమిచ్చునట్టిది. ఇప్పుడు భయపడవలసిన సంగతి చెప్పెదను. పాలకు ప్రతినిధులైన పదార్థములు మన కంచమునుండి తొలగిపోయినవి. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆకలిని తీర్చిన పుణ్యకార్యమది. దానిని నిందించువాడను కాను. కాని మా పరకాల చేలలో జొన్నయు తైదయు తగ్గి, పత్తియు మక్కయు వరియు పెరిగినవి. ఆ మక్కయు ఇంటి గటుకకు కాక అంగడికే పోవుచున్నది. పాల సేకరణకేంద్రములు వచ్చినపిమ్మట చల్ల పంచుకొను వాడుకయు సన్నగిల్లినది. నాడు పాలొల్లని బిడ్డకు అంబలి యుండెను. నేడు పాలొల్లని బిడ్డచేతికి ఛాయగ్లాసును బిస్కత్తును వచ్చినవి. ఛాయలోని వగరు పదార్థము తిండిలోని ఇనుమును ఒంటబట్టనీయదు. బిస్కత్తు ఆకలిని చంపును గాని బిడ్డను పెంచదు. అందుచేత పాలొల్లకుండుట నాటికంటె నేడే అపాయకరమైనది. అపాయము బిడ్డ నాలుకలో లేదు, మన గాదెలో నున్నది.

దీనికెదురైన తప్పు కూడ కలదు. అన్నము తినడని రోజంతయు పాలే త్రాగించుట. పాలలో ఇనుము లేదనదగినంత తక్కువ. రోజుకు అరలీటరునకు మించి పాలు త్రాగుచు అన్నము మానిన బిడ్డకు రక్తము తగ్గి మొగము పాలిపోవును. పాలు మంచివి గనుక ఎన్ని త్రాగినను మంచిదేయను మాట శాస్త్రసమ్మతము కాదు. డబ్బాలలో వచ్చు పొడులపై ఆశపెట్టుకొనుటయు వలదు. పసివారి పాలడబ్బాల ప్రకటనలను నిషేధించుచు మనదేశమున 1992లోనే చట్టము చేయబడినది.

మరి పాలొల్లని బిడ్డకు ఒక దినపు భోజనమెట్లుండవలెను? ఉదయము మొలకెత్తిన తైదల పిండితో చిక్కని జావ, అందు బెల్లమును నేయియు. మధ్యాహ్నము ముద్దపప్పు కలిపిన మెత్తని అన్నము, దానిలో ఉడికించి మెదిపిన తోటకూరయో మునగాకో, చెంచాడు నేయి. కడపట గడ్డపెరుగు. సాయంకాలము హైదరాబాదు మిశ్రమపు ఉండయో నువ్వుల సత్తో. తినువారింట ఒక గ్రుడ్డు. ఒక్క గ్రుడ్డులో ఆరేడు గ్రాముల మాంసకృత్తులు గలవు. రాత్రి పెసరపప్పు పులగము, ఒక అరటిపండు. చిన్న కడుపు గనుక రోజుకు ఐదుసార్లు కొద్దికొద్దిగ పెట్టవలెను. నీళ్ళజావ కడుపును నింపును గాని బిడ్డను నిలుపదు. పల్లీలు, పుట్నాలు పొడి చేసియే పెట్టవలెను. గింజగానిచ్చిన గొంతున అడ్డుపడును. పప్పును మెత్తగ ఉడికించి వడ్డించుట పసివారి వంటకు ప్రాణము.

శాకాహారుల యిండ్లవారు ఒక విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలెను. రక్తమునకును నరములకును అవసరమైన బి12 అను విటమిను ధాన్యములలోను పప్పులలోను ఆకులలోను లేదు. 1962లో వేలూరు వైద్యులు, శాకాహారులైన తల్లుల చనుబాలపైననే యున్న పసివారిలో ఈ లోటువలన కలుగు జబ్బును వర్ణించిరి. రక్తము తగ్గుట, చర్మము నల్లబడుట, నేర్చిన చేష్టలు మరచుట దాని గుర్తులు. గ్రుడ్డును మాంసమును తినని యింట బిడ్డ పాలొల్లకున్నచో పెరుగునైనను చల్లనైనను మానరాదు. అవియు ఒల్లకున్న వైద్యుని అడిగి ఆ విటమినును మందుగా నిప్పింపవలెను. ఈ యొక్క స్థానమున పాలకు మన గాదెలో ప్రతినిధి లేడు.

ఇక బలవంతముమాట. కాళ్ళు పట్టి ముక్కు మూసి పాలు పోయుట మా ప్రాంతమున నేను చూచినదే. దానివలన బిడ్డ పాలను మాత్రమే గాక గిన్నెను, చెంచాను, తుదకు తినిపించు చేతినే ద్వేషించును. పోషకాహార సంస్థవారు నల్లగొండ జిల్లాలోని 60 గ్రామములలో ఒక ప్రయోగము చేసి 2013లో ప్రకటించిరి. బిడ్డ కండ్లలోనికి చూచుచు, మాటాడుచు, ఆడించుచు, వాని ఆకలిని గుర్తించి పెట్టవలెనని కొందరు తల్లులకు నేర్పిరి. ఏమి పెట్టవలెనో కూడ నేర్పిరి. అట్టి యిండ్ల బిడ్డలు ఎక్కువ తినుటయే గాక, తెలివితేటలలోను ముందంజ వేసిరి. చందమామను చూపుచు గోరుముద్దలు తినిపించు తల్లికి ఇది క్రొత్త విద్య కాదు. ఒకసారి త్రోసివేసిన పదార్థమును కొన్నిదినము లాగి మరల కొద్దిగ ముందుంచవలెను. పదిసార్లు చూచిన పిదప రుచి పట్టిన బిడ్డలెందరో కలరు. ఇంటిలోని పెద్దలు కూడ ఒక పని చేయవలెను. బిడ్డ పాలు త్రాగలేదని కోడలిని దెప్పుట మానవలెను. దెప్పుమాటకు భయపడిన తల్లియే బిడ్డను బలవంతపెట్టును.

ప్రభుత్వము చేయు సహాయము కూడ తెలిసికొనదగినది. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమై, దానివలన అంగన్‌వాడీలు ఊరూర వెలసినవి. మన రాష్ట్రమున ఏడు నెలలనుండి మూడేండ్లవరకు పిల్లలకు బాలామృతమను పిండిని నెలకు రెండున్నర కిలోల చొప్పున ఇచ్చుట ఏర్పడినది. వేచిన గోధుమలు, శనగలు, పాలపొడి, చక్కెర, నూనె దాని కూర్పు. పాలొల్లని బిడ్డయు దీనిని ఉండగ చేసియిచ్చిన ఇష్టముగ తినుట కలదు. పాలు పడని బిడ్డకు మాత్రము అందు పాలపొడి యున్నదని మరువరాదు. 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకమున గర్భిణులకును బాలెంతలకును ఒక పూట భోజనము, గ్రుడ్డు, పాలు ఏర్పరచిరి. చిన్నపిల్లలకును గ్రుడ్ల నేర్పాటు చేసిరి. ఆ పిండిని ఇంటిల్లిపాది పంచుకొనక బిడ్డకే పెట్టుట మన ధర్మము.

బిడ్డ బాగుగ నున్నదో లేదో తెలిసికొనుటకు పాలగ్లాసు కొలత కాదు. అంగన్‌వాడీలోని తూకమే కొలత. నెలనెల తూచి గీత గీయించి, ఆ గీత పైకి పోవుచున్నచో నిశ్చింతగ నుండవచ్చును. రెండు మూడు నెలలు గీత కదలకున్నను, దిగినను వైద్యునికి చూపవలెను. ఐదేండ్లలోపు బిడ్డ దండచేతి చుట్టుకొలత పండ్రెండున్నర సెంటీమీటర్లకు తగ్గిన అపాయసూచన; పదకొండున్నరకు తగ్గిన ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. పాదములు వాచి నొక్కిన గుంటపడినను అంతియే. ఈ గుర్తులు లేక, తిని ఆడుకొనుచు, గీత పైకి పోవుచున్న బిడ్డ పాలు ముట్టలేదని కుమిలిపోవలసిన పనిలేదు.

మహాశయులారా! వాగ్భటుడు మోదకము చెప్పినాడు. కూనూరు పరిశోధకులు పాలలో దాగిన సున్నపు ధాతువును వెదకి చూపిరి. హైదరాబాదు వైద్యులు గోధుమ, శనగ, పల్లీ, బెల్లములతో ఒక మిశ్రమమును మన చేతబెట్టిరి. వీనినన్నింటిని కలిపి చదివినచో పాలగొప్పతనము తగ్గదు, పాలొల్లని బిడ్డకు దిక్కులేదను భయము మాత్రము తొలగును. కంచమునుండి వెడలగొట్టిన తైదలను, నువ్వులను, చల్లను, ఆకుకూరను మరల పిలిచి కూర్చుండబెట్టుట మన చేతిలోని పని. వచ్చు వానకాలమున పత్తిచేని గట్టుమీదనైనను నాలుగు తైదసాళ్ళు వేయుడని మా పరకాల రైతుసోదరులను వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.

స్వస్తి.